అమ్మ దాచుకునే టీ పిప్పి: ఒకసారి మరిగిన ఆకును మళ్లీ వాడొచ్చా?

మంజీర (హైదరాబాద్)
ఆదివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. చిన్న విషయమే కానీ వారం రోజులుగా మా ఇంట్లో దీని గురించే మాటలు నడుస్తున్నాయి.

మా అమ్మ సిద్దిపేట దగ్గర పల్లె నుంచి వచ్చి మా దగ్గర ఉంటోంది. అరవై తొమ్మిదేళ్లు. పొద్దున నేను చాయ్ వడకట్టగానే జాలీలో మిగిలిన పిప్పిని పారేయనివ్వదు. చిన్న స్టీలు గిన్నెలోకి దులిపి, మూత పెట్టి, కిటికీ పక్కన ఉంచుతుంది. మేం ఆఫీసుకు, పిల్లలు బడికి పోయాక పదకొండు గంటలకు దాన్నే మళ్లీ మరిగించి, చుక్క పాలు పోసుకొని తాగుతుంది. ఒక్కోరోజు మిగిలింది సాయంత్రం దాకా ఉంచుతుంది. మొన్న సెలవు పెట్టి ఇంట్లో ఉన్నప్పుడు చూశాను. గ్లాసులో రంగు లేదు, వాసన లేదు. "అమ్మా, డబ్బా నిండా చాపత్త ఉంది కదా, కొత్తది వేసుకో" అన్నాను. "ఇందులో ఇంకా సారం ఉంది బిడ్డా" అంది. నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను. ఆ రోజు ఆమె చాయే తాగలేదు. అది నన్ను చాలా బాధపెట్టింది.

పాలతో మరిగిన పిప్పిని అన్ని గంటలు ఉంచి తాగితే ఒంటికి ఏమైనా అవుతుందా? ఆమె మనసు నొచ్చుకోకుండా ఈ అలవాటు ఎలా మార్చాలి? అసలు మార్చాలా? తెలిసినవాళ్లు చెప్పండి.


పోషణ (తిరుపతి)
ఆదివారం, ఉదయం 9:02

మంజీర గారూ, నేను పోషకాహార నిపుణురాలిగా పని చేస్తున్నాను. ఆరోగ్యం వరకు చెప్తాను.

తేడా అంతా పాలల్లో ఉంది. పాలు, చక్కెర తగిలిన తడి పిప్పి మన వంటగది వేడికి త్వరగా చెడుతుంది. క్రిములు పెరగడానికి కావలసిన తడి, తీపి, పాల మాంసకృత్తులు అన్నీ అందులో ఉన్నాయి. మళ్లీ మరిగిస్తాం కదా, చచ్చిపోతాయి కదా అనుకుంటారు చాలామంది. క్రిములు చాలావరకు చస్తాయి, నిజమే. కానీ కొన్ని రకాలు అప్పటికే వదిలిన విషపదార్థాలు మరిగించినా పోవు. పెద్ద వయసువాళ్లకు కడుపు చెడితే తేరుకోవడం కష్టం. కాబట్టి పాలు తగిలిన పిప్పిని రెండు గంటలకు మించి బయట ఉంచి వాడొద్దు. సాయంత్రం దాకా అసలు వద్దు.

ఉత్త నీళ్లలో మరిగించి తీసిన ఆకు వేరు. దాన్ని అదే పూట ఇంకోసారి వాడుకుంటే భయం లేదు. కాస్త జిగురుగా తగిలినా, పుల్లటి వాసన వచ్చినా, పైన తెల్లగా బూజు కనిపించినా పారేయాలి.

ఇంకో మాట అడుగుతాను. అమ్మగారు పదకొండుకు టీ తాగి, భోజనం ఎన్నింటికి చేస్తారు? టీలోని టానిన్లు అన్నంలో, ఆకుకూరల్లో, పప్పులో ఉన్న ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని ఉంది. రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదనీ, 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల దాకా ఉంటుందనీ కూడా రాశారు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ. పిప్పి కంటే ముందు నేను చూసేది భోజనానికీ టీకీ మధ్య ఎంత ఎడం ఉందనే.


మంజీర (హైదరాబాద్)
ఆదివారం, ఉదయం 9:20

థ్యాంక్స్ మేడమ్. ఒంటి గంటన్నరకు తింటుంది, అది ఫర్వాలేదు అనుకుంటా. కానీ తిన్న వెంటనే ఇంకో అర గ్లాసు తాగుతుంది. అది చెప్పి చూస్తాను.


లెక్కల మాస్టారు (ఖమ్మం)
ఆదివారం, ఉదయం 10:45

అమ్మా మంజీరా, అమ్మగారి పొదుపు బుద్ధికి ముందుగా నమస్కారం. అయితే పొదుపు ఎక్కడ చెయ్యాలో ఒకసారి లెక్క వేసి చూద్దాం. మా ఊరి ధరలు చెప్తున్నాను, మీ దగ్గర కాస్త అటూ ఇటూ ఉంటాయి.

ఒక కప్పుకు 75 మిల్లీలీటర్ల పాలు. లీటరు 60 రూపాయలైతే 4 రూపాయల 50 పైసలు. టీ పొడి చెంచాడు, అంటే రెండున్నర గ్రాములు. కిలో 500 రూపాయలైతే రూపాయి పావలా. పంచదార 8 గ్రాములు, 36 పైసలు. మొత్తం ఆరు రూపాయల పైచిలుకు. ఇందులో పొడి వాటా ఐదో వంతు మాత్రమే. నాలుగింట మూడు వంతులు పాలే.

ఇప్పుడు పాత పిప్పి వాడి రోజుకు ఒక కప్పులో సగం పొడి మిగిల్చామనుకోండి. 62 పైసలు. నెలకు 19 రూపాయలు. కానీ ఆ పిప్పిలో రంగు దిగడానికి ఐదు నిమిషాలు ఎక్కువ మరిగిస్తాం. పెద్ద బర్నర్ నిండుగా గంట మండితే సుమారు 200 గ్రాముల గ్యాస్ పోతుంది. 14.2 కిలోల సిలిండర్‌ను 900 రూపాయలకు వేసుకుంటే ఆ ఐదు నిమిషాలకు రూపాయి అవుతుంది. 62 పైసలు మిగల్చడానికి రూపాయి కాల్చినట్టు.

నిజంగా మిగలాలంటే ఇలా చెయ్యండి. నీళ్లు తెర్లగానే పొడి వేసి, పొయ్యి ఆపేసి, మూత పెట్టి నాలుగు నిమిషాలు వదిలేయండి. పాలు వేరేగా కాచుకోండి. ఎర్రగా దిగుతుంది, గ్యాస్ తగ్గుతుంది, పాలు కూడా తక్కువ పడతాయి.


కృష్ణలంక (విజయవాడ)
ఆదివారం, మధ్యాహ్నం 12:15

మాస్టారూ, మీ లెక్క తప్పని అనను. కానీ ఆ లెక్క ఈనాటిది. ఆ పెద్దావిడ చేతికి ఆ అలవాటు వచ్చిన రోజుల లెక్క వేరు.

నాకు డెబ్బై మూడు. మా ఇంట్లో పదకొండు మందిమి. పాడి ఇంట్లోనే, కాబట్టి పాలు కొనే పని లేదు. వంట కట్టెల పొయ్యి మీద, కాబట్టి గ్యాస్ ఖర్చూ లేదు. పొలం గట్టు మీద ఎండుపుల్లలు ఏరుకొస్తే సరిపోయేది. డబ్బు పెట్టి కొనాల్సినవి టీ పొడి, పంచదార. ఆ రెండూ కొట్లో పొట్లాలుగా వచ్చేవి. మీ లెక్కలో ఐదో వంతు ఉన్న పొడి, మా అమ్మ లెక్కలో దాదాపు మొత్తం ఖర్చు. అందుకే ఆవిడ పొడిని పలచటి గుడ్డలో మూట కట్టి నీళ్లలో వేసేది. మొదటి డికాషన్ నాన్నకీ, వచ్చినవాళ్లకీ. అదే మూటకు మళ్లీ నీళ్లు పోసి, బెల్లం ముక్క వేసి, దండిగా పాలు పోసి పిల్లలకు ఇచ్చేది. మాకు అదే ఇష్టంగా ఉండేది. ఇప్పటికీ బెల్లం టీ వాసన తగిలితే నాకు ఆ వసారా గుర్తొస్తుంది.

కాబట్టి అమ్మగారు "ఇందులో ఇంకా సారం ఉంది" అన్నారంటే ఆ మాట వెనక నలభై యాభై ఏళ్ల సంసారం ఉంది. పైసల లెక్క చూపించి అది తప్పని చెప్పొద్దు.


లెక్కల మాస్టారు (ఖమ్మం)
ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఒప్పుకుంటున్నాను పెద్దాయనా. పాడి ఉన్న ఇల్లు, కట్టెల పొయ్యి. ఆ రెండూ నా లెక్కలోకి రాలేదు. ఏది కొనాల్సి వస్తే దాన్నే పొదుపు చేస్తారు.


టీబంకు (గుంటూరు)
ఆదివారం, రాత్రి 10:30

ఇప్పుడే బంకు కట్టేసి వచ్చాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. రోజుకు అరకిలో ఆకు, రెండొందల కప్పులు. నాకు తెలిసింది చెప్తా.

ఒకసారి బాగా దిగిన ఆకును మళ్లీ మరగబెడితే రంగు వస్తుంది గానీ టీ రాదు. వగరు వస్తుంది. నాలుక మీద పొడిగా పట్టేస్తుంది. ఆ వగరు కప్పెట్టడానికి పంచదార ఎక్కువ పోయాలి, అల్లం ఎక్కువ దంచాలి. కొత్తలో నేనూ చేశాను. వారం తిరిగేసరికి లారీ డ్రైవర్లు ఎదురు బంకుకు పోయారు. వాళ్ల నాలుకకు తెలియనిది ఉండదు.

ఆ ఆకును ఊరికే పారేయను కూడా. ఒక పద్ధతి ఉంది. గుడ్డ సంచీలో మొదటి డికాషన్ దిగాక, అదే ఆకు మీద నుంచి సలసల కాగే నీళ్లు ఒక చెంబెడు పోస్తాను. లేత ఎరుపు నీళ్లు దిగుతాయి. వాటిని అట్లాగే టీ చేయను. వెంటనే పెట్టే రెండో వాయికి ఉత్త నీళ్ల బదులు అవి పోసి, కొత్త ఆకు వేస్తాను. మూడు చెంచాలు పడేచోట రెండున్నర సరిపోతుంది. వగరు రాదు, ఎందుకంటే పాత ఆకు మీద నీళ్లు నిలవ ఉండలేదు, మరగలేదు. ఇంట్లో కూడా చెయ్యొచ్చు. పొద్దున ముందు ఒకరికి, పది నిమిషాలాగి ఇంకొకరికి పెడతారు కదా, ఆ రెండింటి మధ్య ఇది కుదురుతుంది. నాలుగు గంటల తర్వాత కుదరదు.

ఇంకో సంగతి. ఆకు మార్చే ముందు నీళ్లు మార్చి చూడండి. బోరు నీళ్లతో పెడితే పైన తెట్టె కడుతుంది, రంగు నల్లగా మురికిగా వస్తుంది, ఎంత ఆకు పోసినా ఘుమాయించదు. నేను మంచినీళ్ల క్యాన్లు కొనడం మొదలుపెట్టాక ఆకు ఖర్చు తగ్గింది.

డబ్బా కూడా చూసుకోండి. మూత గట్టిగా ఉండాలి. పొయ్యి పక్కన, కారం డబ్బా పక్కన పెడితే ఆకు ఆ వాసన పట్టేస్తుంది. అలా చచ్చిన ఆకు రెండింతలు పోయాలి.


వైద్య విద్యార్థి (నెల్లూరు)
సోమవారం, ఉదయం 7:15

నేను చైనాలో మెడిసిన్ చదివి వచ్చాను. అక్కడ మా ప్రొఫెసర్ పొద్దున ఒక గాజు ఫ్లాస్కులో చిటికెడు ఆకు వేసుకుంటే సాయంత్రం దాకా వేడినీళ్లు పోసుకుంటూ అదే తాగేవారు. టాక్సీ నడిపేవాళ్ల చేతిలో, హాస్టల్ కాపలావాళ్ల చేతిలో అదే ఫ్లాస్కు. వాళ్లకు అది పేదరికం గుర్తు కాదు. మంచి ఊలాంగ్ ఆకైతే మొదటి నీళ్లు కడిగినట్టుగా పోసి పారబోస్తారు, మూడో నాలుగో నీళ్లు బాగుంటాయని అతిథికి పోస్తారు.

అక్కడ కుదిరింది మన దగ్గర ఎందుకు కుదరదంటే ఆకు వేరు. వాళ్లది చుట్టుకొని ఉన్న నిండు ఆకు. నీళ్లు తగిలేకొద్దీ మెల్లగా విప్పుకుంటుంది, ప్రతిసారీ కొంత కొంత ఇస్తుంది. మనది సీటీసీ పొడి. ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, గుళికలుగా చుడతారు. 1930ల్లో అస్సాంలో వచ్చిన పద్ధతి అది. నలిగిన ఆకు కాబట్టి రెండు మూడు నిమిషాల్లోనే రంగు, కెఫీన్ చాలావరకు నీళ్లలోకి వచ్చేస్తాయి. రెండోసారి మిగిలేది ఎక్కువగా టీబంకు అన్న చెప్పిన వగరే.

మంజీర అక్కా, అమ్మగారికి రెండుసార్లు వాడుకోవడమే సంతృప్తి అయితే ఆకు మార్చి చూడండి. డార్జిలింగ్‌దో, నీలగిరిదో నిండు ఆకు చిన్న ప్యాకెట్ తెండి. పాలు లేకుండా తాగాలి, అదొక్కటే అలవాటు కావాలి. దాన్ని నిజంగానే రెండుసార్లు వాడుకోవచ్చు.


కృష్ణలంక (విజయవాడ)
సోమవారం, ఉదయం 7:50

బాబూ, అరవై తొమ్మిదేళ్ల తెలంగాణ ఆడమనిషి చేత పాలు లేని టీ తాగించడం పిప్పి మాన్పించడం కంటే కష్టం.


జగిత్యాల టు దుబాయ్
సోమవారం, మధ్యాహ్నం 2:05

నేను పదకొండేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నా. క్యాంపులో రూముకు ఎనిమిది మందిమి. ఇక్కడ పాలు లేని చాయ్ మాకు మామూలే, సులైమానీ అంటం. నిమ్మరసం పిండి, చక్కెర వేసి. రెండు గ్లాసులకు ఒక టీ బ్యాగు. ముందు ఒకరి గ్లాసులో ముంచి, తీసి ఇంకొకరి గ్లాసులో. ముందు ముంచినోళ్లది ఎర్రగా, తర్వాతోళ్లది పసుపు పచ్చగా వస్తది. అందుకని వంతులు పెట్టుకున్నం. ఈరోజు ముందు నాదైతే రేపు ముందు నా దోస్తుది. కొత్తగా వచ్చిన పిల్లగాడికి మొదటి నెల మొత్తం ముందు గ్లాసే. ఇంటి మీద బెంగతోటి ఉంటడు కదా.

పైసలు లేక అనుకునేరు. బ్యాగులు ఉన్నయి. కానీ ఇంటికి పంపే పైసలు లెక్కపెట్టుకునే మనిషికి ఏదీ సగంల పారేయబుద్ధి కాదు. మీ అమ్మను నేను అర్థం చేసుకోగలను అక్కా.


మొల్లపూలు (రాజమండ్రి)
సోమవారం, సాయంత్రం 6:30

జగిత్యాల తమ్ముడి మాట చదివాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. వాళ్ల రూములో వంతులున్నాయి. మన ఇళ్లల్లో ఉన్నాయా?

కృష్ణలంక బాబాయిగారు మొదటి డికాషన్ నాన్నగారికి, అతిథులకు అన్నారు. రెండోది పిల్లలకు అన్నారు. మీ అమ్మగారు ఏది తాగేవారో చెప్పలేదు. మా ఇంట్లో మా నాయనమ్మ, మా అమ్మ తాగింది మూడోది. పనంతా అయ్యాక, గిన్నె కడిగే ముందు, అడుగున మిగిలిన దాంట్లో నీళ్లు పోసి మరిగించుకొని నిలబడే తాగేవాళ్లు. నేను పెళ్లయి వచ్చాక నాకు తెలియకుండానే పదేళ్లు అదే చేశాను. ఒకరోజు మా అమ్మాయి "నీ గ్లాసు ఎప్పుడూ ఎందుకు తెల్లగా ఉంటుందమ్మా?" అని అడిగింది. ఆ రోజు నుంచి అందరికీ ఒకేసారి వడకడుతున్నాను.

పొదుపు మంచిదే. కానీ ఇల్లంతా చేసే పొదుపు ఒక్క మనిషి గ్లాసులోనే ఎందుకు పడాలి? మంజీరా, మీ ఇంట్లో మీరూ మీ ఆయనా మంచి చాయ్ తాగి వెళ్లిపోతున్నారు, అమ్మ మాత్రం పిప్పి నీళ్లు తాగుతోంది. ఆరోగ్యం మాట పక్కన పెట్టినా, అది నాకు నచ్చలేదు.


కృష్ణలంక (విజయవాడ)
సోమవారం, రాత్రి 8:10

అమ్మా, నిజం. మా అమ్మ ఏం తాగేదో నేను గమనించలేదు. రెండు గంటలుగా గుర్తు చేసుకుంటున్నాను. ఆవిడ చేతిలో గ్లాసు నాకు గుర్తు రావడం లేదు.


సీమబిడ్డ (కర్నూలు)
సోమవారం, రాత్రి 9:25

ఇంటి బయట సంగతి కూడా ఒకటుంది, చెప్పాలి. మా తాత, నాయన కూలికి పోయేవాళ్లు. రైతు ఇంట్లో కూలోళ్లకు ఇచ్చే టీ వేరే గిన్నెలో, వాడిన పొడితోనే మరిగించేవాళ్లని నాయన చెప్పేవాడు. గ్లాసు కూడా వేరే. తాగి కడిగి చూరుకు బోర్లించాల. హోటళ్లలో దళితులకు గ్లాసు వేరుగా పెట్టే రెండు గ్లాసుల పద్ధతి తెలుగు పల్లెల్లో ఎంతకాలం నడిచిందో పెద్దవాళ్లందరికీ తెలుసు. అందుకే మా నాయన జీవితాంతం ఇంట్లో పలచటి టీ తాగలేదు. పొడి లేకపోతే టీ మానేశాడు గానీ పాత పొడి మళ్లీ మరిగించనివ్వలేదు. "నా ఇంట్లో నేను మొదటిదే తాగుతా" అనేవాడు.

అందరి పొదుపూ ఒకటి కాదని చెప్పడానికే ఇది రాసినా. తనంతట తాను మిగుల్చుకునేది ఒకటి, వేరేవాళ్లు మన గ్లాసులో మిగిల్చేది ఒకటి.


పాత పుటలు (హైదరాబాద్)
మంగళవారం, ఉదయం 11:00

సీమబిడ్డ అన్నా, మీ నాయన మాట చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు.

చరిత్ర మీద ఆసక్తితో చదివింది కొంత పంచుకుంటాను, పిప్పికి సంబంధించిందే. మన తాతల కాలంలో టీ మన వంటింటి వస్తువు కాదు. టీ తోటలవాళ్ల దగ్గర 1903 నుంచి సెస్ వసూలు చేసి, ఆ డబ్బుతో ప్రచారం చేశారు. 1937కల్లా టీ మార్కెట్ ఎక్స్‌పాన్షన్ బోర్డు పేరుతో ఊళ్లకు బండ్లు పంపి, సంతల్లో ఉచితంగా టీ పోసి, ఎలా కాచాలో చూపించారు. వాళ్లకు మన పద్ధతి నచ్చలేదు. మనవాళ్లు పాలు, చక్కెర దండిగా పోసి, అల్లం, యాలకులు, మిరియాలు దంచి వేసి, ఆకు మాత్రం తక్కువ వేసేవాళ్లు. ఆకు అమ్ముకునేవాళ్లకు అది నష్టం కదా. అంటే ఇవాళ మనం ఇష్టంగా తాగే మసాలా చాయ్ కూడా ఒకరకంగా ఆకును పొదుపు చేసే ఉపాయమే. రంగూ రుచీ ఆకు నుంచే రావాలన్న పట్టు మనవాళ్లకు లేదు.

18వ శతాబ్దపు ఇంగ్లండులో టీ మీద పన్ను 119 శాతం దాకా పోయింది. పెద్దిళ్లలో వాడేసిన ఆకును కొనుక్కుపోయి, ఎండబెట్టి, రంగు పట్టించి మళ్లీ అమ్మేవాళ్లు. 1784లో పన్నును పన్నెండున్నర శాతానికి దించాక గానీ దొంగ రవాణా, కల్తీ తగ్గుముఖం పట్టలేదు.


టీబంకు (గుంటూరు)
మంగళవారం, రాత్రి 10:50

ఇంగ్లండు దాకా ఎందుకు సార్. నాలుగేళ్ల కింద ఒకతను మా బంకుకు వచ్చాడు. రోజూ పోయే పిప్పి ఎండబెట్టి ఇస్తే కిలోకింత అని డబ్బులిస్తానన్నాడు. ఎందుకు అంటే మొక్కలకు అన్నాడు. మొక్కలకైతే తడిదే తీసుకుపో, డబ్బులు వద్దు అన్నాను. మళ్లీ రాలేదు. ఆ పొడికి రంగేసి, కొత్త పొడిలో కలిపి చవకగా అమ్ముతారు.

అప్పటి నుంచి నేను పిప్పిలో మట్టీ, కూరగాయల తొక్కులూ కలిపేసి బయట పెడతా. ఎవడూ ఏరుకోకుండా.

మీరు కొనే విడి పొడి మీద అనుమానముంటే ఒక పని చెయ్యండి. తెల్లటి ఫిల్టర్ కాగితం మీద కాస్త పొడి చల్లి, నీళ్లు చిలకరించండి. కొంచెంసేపాగి కుళాయి కింద కడిగి, కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూడండి. మంచి పొడైతే మరక నిలవదు. రంగేసిందైతే తడవగానే మరక దిగుతుంది, కడిగినా పోదు. ఆహార భద్రతా సంస్థవాళ్లు చెప్పే పరీక్షే ఇది.


మిద్దెతోట (నిజామాబాద్)
బుధవారం, ఉదయం 6:40

నా వంతు. ఇన్నాళ్లూ ఎవరూ మొక్కల దగ్గరికి రాలేదేంటా అని చూస్తున్నా!

పిప్పిని మొక్కలకు వేసేవాళ్లలో నూటికి తొంభై మంది చేసే తప్పు, జాలీ నుంచి నేరుగా కుండీలోకి కొట్టేయడం. చక్కెరకు చీమలు పడతాయి, పాలకు వాసన వస్తుంది, పైన పెచ్చులా గట్టిపడి నీళ్లు దిగనివ్వదు, బూజు పడుతుంది. తర్వాత టీ పొడి వేస్తే గులాబీ చచ్చిపోయింది అంటారు. జాలీలో ఉండగానే కుళాయి కింద రెండుసార్లు కడగండి. గట్టిగా పిండి, పాత పేపర్ మీద ఒక రోజు నీడలో ఆరబెట్టండి. వారం రోజులది పోగుచేసి, ఎండుటాకులు, మట్టితో కలిపి కంపోస్టులో వేయండి. నేరుగా కుండీలో వేయాలంటే కుండీకి ఒక గుప్పెడు, పై మట్టిలో వేళ్లతో కలిపి, పదిహేను రోజులకోసారి. మల్లె, గులాబీ, కరివేపాకు బాగా తీసుకుంటాయి. చిన్న నారుకు మాత్రం వద్దు.

టీ బ్యాగులు చించి ఆకు మాత్రమే వేయండి. చాలా బ్యాగుల్లో ప్లాస్టిక్ దారాలు కలుస్తాయి, మట్టిలో కరగవు.

అమ్మగారికి మొక్కలంటే ఇష్టమేనా? పల్లె నుంచి వచ్చినవాళ్లకు చెయ్యి మట్టిలో పెట్టకపోతే తోచదు. ఒక మల్లె కుండీ తెచ్చివ్వండి. పిప్పి పారేయడం కష్టం గానీ మొక్కకు ఇవ్వడం కష్టం కాదు.


నాగావళి (శ్రీకాకుళం)
బుధవారం, ఉదయం 9:15

మధ్యలో వచ్చి అడుగుతున్నాను, క్షమించండి. తలకు పెట్టుకునే గోరింట పొడిని ఈ రెండోసారి మరిగించిన డికాషన్‌తో కలపొచ్చా? మా అత్తయ్య కొత్త పొడే కావాలంటారు.


మొల్లపూలు (రాజమండ్రి)
బుధవారం, ఉదయం 9:40

కలపొచ్చమ్మా, నేను అదే చేస్తాను. పాలు తగలనిదై ఉండాలి, చిక్కగా మరిగించి చల్లార్చాలి. రాత్రంతా ఇనప మూకుడులో నానితే రంగు బాగా పడుతుంది. శనగలు ఉడికించేటప్పుడు కూడా ఆ పిప్పిని గుడ్డలో మూట కట్టి వేస్తే శనగలకు మంచి ముదురు రంగు వస్తుంది.


మంజీర (హైదరాబాద్)
తర్వాతి వారం ఆదివారం, ఉదయం 7:30

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. మొల్లపూలు అక్క మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అమ్మ పిప్పి నీళ్లు తాగుతోంది, నేను మంచి చాయ్ తాగి ఆఫీసుకు పోతున్నాను అన్నది ముల్లులా గుచ్చుకుంది. బుధవారం సెలవు పెట్టాను. పదకొండు గంటలకు కొత్త చాపత్త వేసి, చిక్కగా, యాలకులు దంచి, ఇద్దరికీ పెట్టి అమ్మ పక్కన కూర్చున్నాను. "ఇకనుంచి నువ్వు కూడా మాతోపాటు మంచిదే తాగాలి, ఊర్లో ఇన్నేళ్లు అందరూ తాగినంక మిగిలింది తాగినవు, చాలు" అన్నాను.

అమ్మ కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. పొద్దున మొదటి చాయ్ ఆమెకూ ఉండేదట. కానీ అది ఎప్పుడూ సగంలో చల్లారిపోయేది. మా తాతకు నీళ్లు, బర్రెకు కుడితి, మాకు సద్ది, నాయనకు బువ్వ. ఆ మొదటి చాయ్ రుచి ఎట్లుంటుందో తనకు గుర్తులేదంది. అందరూ చేన్లకు, బడికి పోయాక పదకొండు గంటలకు గడప మీద కూర్చొని, ఆ పిప్పి మరిగించుకొని తాగే చాయ్ ఒక్కటే వేడిగా, కూర్చొని తాగిందట. కొత్త చాపత్త వేస్తే మా నాయనమ్మ డబ్బా చూసి అడిగేది. పిప్పికి ఎవరూ లెక్క అడగరు. "గదొక్కటే నాది. గా చాయ్ ఎవరికీ తెల్వదు" అంది.

ఆ చాయ్ మానమని నేను ఇంక చెప్పలేను. అట్లని పాల పిప్పి సాయంత్రం దాకా ఉంచనివ్వలేను. పోషణ మేడమ్ చెప్పినవి మాత్రం నిదానంగా చెప్పాను, పాలు తగిలితే చెడుతుందని. పాలిచ్చే బర్రెలు సాకిన మనిషికి ఆ మాట చెప్పగానే అర్థమైంది. పాల గిన్నె కడగకపోతే ఏమైతదో నాకు తెల్వదా అంది.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున మాస్టారు చెప్పినట్టు డికాషన్ వేరేగా, మూత పెట్టి దించుతున్నాం. పాలు వేరేగా. ఆకుకు పాలు తగలడం లేదు. పొద్దున చాయ్ అమ్మకు మొదటి గ్లాసు, కూర్చోబెట్టి ఇస్తున్నాను. మా ఆయన, నేను తర్వాత. పదకొండుకు ఆమె ఆ ఆకు మీద వేడినీళ్లు పోసి, వాటిలో ఒక చెంచా కొత్త చాపత్త వేసుకుంటోంది. టీబంకు అన్నా, నాలుగు గంటల తర్వాత కుదరదన్నారు, ఇది మూడు గంటలే. వగరు ఉందో లేదో నేను అడగలేదు. తినగానే తాగే అర గ్లాసు మూడు గంటలకు జరిపింది.

మిద్దెతోట గారూ, మల్లె కుండీ వచ్చింది. కిటికీ పక్కన స్టీలు గిన్నె ఉండే చోట పెట్టింది.


టీబంకు (గుంటూరు)
ఆదివారం, రాత్రి 10:40

మూడు గంటలంటే ఎండాకాలంలో మాత్రం ఫ్రిజ్‌లో పెట్టించు చెల్లెమ్మా. యాలకులు దంచితే కొత్త ఆకు వేసేటప్పుడే వేయమను, నీళ్లు మరిగేటప్పుడు కాదు. వాసన నిలుస్తుంది.


మంజీర (హైదరాబాద్)
ఆదివారం, రాత్రి 11:05

చెప్పాను అన్నా. "గుంటూరు కొడుకుకు తెలుసు" అంది.